పొత్తు లెక్కలో బాబాయి వాటా

పోటీ పరీక్షల అంకగణితంలో భాగస్వామ్యం అనే అధ్యాయం ఒకటి ఉంటుంది. గ్రూప్స్ మొదలుకొని బ్యాంకు, రైల్వే, కానిస్టేబులు పరీక్షల దాకా దాని నుండి ఒకటో రెండో ప్రశ్నలు తరచుగా వస్తుంటాయి. పద్ధతి పట్టుబడితే నిమిషంలోపు తేలిపోయే లెక్క కాబట్టి, మార్కులు సులువుగా వచ్చే అధ్యాయమని పిల్లలు దానిని ఇష్టపడతారు. నరసరావుపేటలో మా వీధి అమ్మాయి ఒకతె ఈ మధ్య సాయంకాలాలు లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తున్నది. మొన్న ఆ అధ్యాయం తెరిచినప్పుడు, నలభై ఏళ్ళ క్రితం నేను కట్టిన ఒక లెక్క గుర్తుకు వచ్చింది. అది పరీక్షలో కట్టినది కాదు; మా ఇంటి వసారాలో, ఇద్దరు పెద్దమనుషుల నడుమ కూర్చుని కట్టినది. దాని గురించీ, అది నన్ను తిప్పిన దారుల గురించీ ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

1984లో మా నాన్నగారూ, ఆయన స్నేహితుడొకాయనా పొత్తుకు మిరపకాయల వ్యాపారం చేసినారు. ఆయనది గురజాల వైపు పల్లె. మాకు చుట్టరికం లేకపోయినా ఆయనను బాబాయి అనే పిలిచేవాణ్ణి. జనవరిలో నాన్నగారు 24,000 రూపాయలు పెట్టుబడి పెట్టినారు. బాబాయి దగ్గర అప్పటికి డబ్బు లేదు. మూడు నెలల తరువాత ఎద్దుల జత అమ్మి, పిన్ని మెడలోని గొలుసు కుదువబెట్టి 16,000 తెచ్చి కలిపినాడు. ఊళ్ళు తిరిగి సరుకు చూడడం, తాలు ఏరించడం, టిక్కీలు తొక్కించడం, లారీతోపాటు గుంటూరు వెళ్ళి అమ్మి రావడం అంతా జనవరి మొదటి వారం నుండీ ఆయనే. నాన్నగారికి ఉద్యోగం, ఆదివారాలు చిట్టా చూసుకునేవారు, అంతే.

ఏడాది చివర ఖర్చులు పోను లాభం 9,000 తేలింది. పంచుకోవాలి. ముందుగా ఏ ఒప్పందమూ లేదు, ఉన్నదల్లా స్నేహమే. నేను పదవ తరగతి చదువుతున్నాను, లెక్కలలో మంచి మార్కులు వచ్చేవి. "వీడి చేత కట్టిద్దాంరా, ఇద్దరికీ పేచీ ఉండదు" అన్నారు నాన్నగారు. బాబాయి నవ్వి సరేనన్నాడు.

బడిలో నేర్చిన పద్ధతిలోనే కట్టినాను. 24,000ను 12 నెలలతో గుణిస్తే 2,88,000. 16,000ను 9 నెలలతో గుణిస్తే 1,44,000. నిష్పత్తి 2 : 1. కాబట్టి నాన్నగారికి 6,000, బాబాయికి 3,000. పలక తిప్పి చూపించినంత గర్వంగా కాగితం చూపించినాను. బాబాయి ఆ కాగితాన్ని చాలాసేపు చూసినాడు. "లెక్క తప్పలేదురా అబ్బాయ్. అందులో నేను లేను, అంతే" అని, ఆవర్జాలో సంతకం పెట్టి, 3,000 లెక్కపెట్టుకుని వెళ్ళినాడు. తరువాత పెళ్ళిళ్ళలో కనబడితే పలకరించేవాడు కానీ మా గడప మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

ముందుగా ఆ లెక్కకు న్యాయం చేయాలి, ఎందుకంటే దాని తర్కం మంచిదే. నెలలతో ఎందుకు గుణించాలని పిల్లలు అడుగుతారు. 16,000 రూపాయలు తొమ్మిది నెలలు పని చేయడమంటే, 1,44,000 రూపాయలు ఒక్క నెల పని చేసినట్లు. అలాగే 24,000 పన్నెండు నెలలు అంటే 2,88,000 ఒక్క నెల. రెండింటినీ ఒకే కాలానికి తెచ్చిన తరువాతనే పోల్చగలం. పరీక్షలో ఇంత పెద్ద గుణకారం కూడా అవసరం లేదు. పెట్టుబడులు 3 : 2, కాలాలు 4 : 3, రెంటినీ గుణిస్తే 12 : 6, అంటే 2 : 1. ప్రశ్న తిరగవేసి, లాభాల నిష్పత్తి 2 : 1, పెట్టుబడులు 3 : 2, కాలమెంత అని అడిగితే, మొదటిదానిని రెండవదానితో భాగించాలి, 4 : 3 వస్తుంది. ఈ రెండు మెట్లు తెలిస్తే అధ్యాయంలో ముప్పాతిక వంతు అయిపోయినట్లే.

ఈ పద్ధతి ఎంత పాతదో పెద్దయిన తరువాత వెదికినాను. మన గణితకారులు దీనిని ప్రక్షేపం అన్నారు. ప్రక్షేపమంటే ఒక్కొక్కరు మూలధనంలో వేసిన మొత్తం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ సూత్రం చెప్పినాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడిచ్చిన లెక్క ప్రసిద్ధమైనది. ముగ్గురు వర్తకులు 51, 68, 85 చొప్పున కలిపినారు, వ్యాపారం చేయగా మొత్తం 300 అయినది, ఎవరికెంత? మూలధనాల మొత్తం 204. మూడువందలను 204తో భాగించి ఒక్కొక్క ప్రక్షేపంతో గుణిస్తే 75, 100, 125 వస్తాయి. లాభాలు మాత్రమే చూస్తే 24, 32, 40. ఎంత చక్కగా భిన్నాలు లేకుండా తేలుతున్నదో చూడండి. గురువు ముందుగా జవాబు అనుకుని ప్రశ్న కట్టినాడన్నమాట. ఇప్పటి ప్రశ్నపత్రాలవారు చేసేదీ అదే.

తెలుగువాడికి ఇందులో సొంత వాటా కూడా ఉన్నది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతాన, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించినాడు. అందులో మిశ్రక వ్యవహారమనే ప్రకరణంలో ప్రక్షేపక లెక్కలు విస్తారంగా ఉన్నాయి. దానిని పావులూరి మల్లన సారసంగ్రహ గణితమనే పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. ఆయన ఇంటిపేరైన పావులూరు మన పల్నాటికి ఎంతో దూరం కాదు, ఇంకొల్లు దగ్గరి ఊరు. రాజరాజ నరేంద్రుని చేత పిఠాపురం సమీపాన నవఖండవాడ అగ్రహారం పొందినది ఈ కవియా, ఈయన తాతగారా అని పండితులలో చర్చ ఉన్నది కాబట్టి కాలం 11వ శతాబ్దమనీ, 12వ శతాబ్దపు ఆరంభమనీ రెండు మాటలున్నాయి. ఏదైనా, భారతం తెనిగించడం మొదలైన తరం నుండి ఎంతో దూరం పోకముందే వ్యాపారపు లెక్కలు కూడా తెలుగులోకి వచ్చినాయి. మల్లన కరణం. భూములు కొలిచి, శిస్తులు కట్టి, వాటాలు తేల్చేవాడు పద్యం వ్రాసినాడు.

అయితే లీలావతి లెక్కలో కాలమన్న మాట లేదు. ముగ్గురూ ఒకేసారి వేసి, ఒకేసారి తీసుకున్నట్లే భావన. మన బడిపుస్తకాలలో నెలలు వచ్చి చేరిన తీరు వేరు. ఇంగ్లీషు అంకగణితాలలో ఈ అధ్యాయానికి ఫెలోషిప్ అని పేరుండేది. కాలం లేనిది సింగిల్ ఫెలోషిప్, కాలం ఉన్నది డబుల్ ఫెలోషిప్. తెల్లదొరల కాలంలో వచ్చిన పాఠ్యపుస్తకాలు ఆ విభజనతోనే వచ్చినాయి. ఈనాటి సరళ భాగస్వామ్యం, మిశ్రమ భాగస్వామ్యం అన్న పేర్లు వాటి వారసులే.

ఇంతవరకూ బాబాయి ఎక్కడా లేడు. వర్తకులలో ఎవరు ఎండలో తిరిగినారో, ఎవరు అరుగు మీద కూర్చున్నారో భాస్కరాచార్యుడు చెప్పలేదు. ఆయన లెక్కకు అది అక్కరలేదు. అయితే వ్యాపారం చేసేవారికి అక్కర ఉన్నది. సరిగ్గా ఆ 12వ శతాబ్దంలోనే, ఇటలీలోని జెనోవా రేవులో వర్తకులు వ్రాసుకున్న ఒప్పంద పత్రాలు వేలాదిగా మిగిలినాయి. అక్కడ ఒక రకం పొత్తు బాగా వాడుకలో ఉండేది. ఊళ్ళో ఉండేవాడు మూలధనంలో రెండు వంతులు పెడతాడు. ఓడ ఎక్కి పోయేవాడు ఒక వంతు పెడతాడు. తిరిగి వచ్చిన తరువాత లాభం చెరి సగం. పోయేవాడు ఏమీ పెట్టకపోతే లాభంలో అతనికి నాలుగవ వంతు, ధనం పెట్టినవాడికి మూడు వంతులు. మొదటి ఒప్పందం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 2 : 1 పెట్టుబడి, ఒకడు ఇంట్లో, ఒకడు దారిలో. మా వసారాలోని లెక్కే. జెనోవావారి చేతికిస్తే బాబాయికి 4,500 వచ్చేవి.

జెనోవా దాకా పోనక్కరలేదని తరువాత తెలిసింది. మన ధర్మశాస్త్రాలు వ్యాజ్యాలను పద్దెనిమిది పదాలుగా విభజించినాయి. అందులో ఒకటి సంభూయ సముత్థానం, అంటే కలిసికట్టుగా చేసే పనుల నుండి పుట్టే తగవులు. యాజ్ఞవల్క్య స్మృతి ఇక్కడ చెప్పేది సూటిగా ఉన్నది. కలిసి వ్యాపారం చేసేవారికి లాభనష్టాలు పెట్టిన ధనాన్ని అనుసరించి గాని, చేసుకున్న ఒడంబడికను అనుసరించి గాని ఉండాలి. లాభనష్టాలు రెండూ అన్నాడని గమనించండి. తక్కినవారు వద్దన్న పని చేసి గాని, అజాగ్రత్త వల్ల గాని సరుకు పాడు చేసినవాడు ఆ నష్టం తానే ఇచ్చుకోవాలి. ఆపద నుండి సరుకును కాపాడినవాడికి పదవ వంతు అదనంగా దక్కుతుంది. ఈ విధానమే ఋత్విక్కులకూ, కర్షకులకూ, పనివారికీ వర్తిస్తుందని కూడా స్మృతి చేర్చినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను ఆధారం చేసుకుని, తిక్కనకు దశకుమార చరిత్రము అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయము అనే తెలుగు ధర్మశాస్త్రం రచించినాడు. లెక్క తెలుగులోకి వచ్చిన కొన్ని తరాలకు ధర్మం కూడా వచ్చిందన్నమాట. పాపం, రెండూ ఒకే బడిలో కలిసి కూర్చోలేదు.

ఆ పదవ వంతు మాట నన్ను ఊరకే పోనివ్వలేదు. 1984 వేసవిలో ఒక రాత్రి అకాల వర్షం కురిసింది. పల్లెలో కల్లాలలో మా కాయలు ఎండుతున్నాయి. బాబాయి ఒక్కడే ఇద్దరు కూలీలను లేపుకుని, టార్పాలిన్ పట్టాలు కప్పి, గాలికి లేవకుండా తెల్లవార్లూ వాటి మీద రాళ్ళు పెడుతూ గడిపినాడు. తడిసిన కాయ రంగు పోయి తాలు కింద పోతుంది. ఆ రాత్రి ఆయన లేకపోతే 9,000 మాట అటుంచి అసలే మునిగేది. ఈ సంగతి నాకు తెలియక కాదు. మర్నాడు నాన్నగారే మెచ్చుకుంటూ చెప్పినారు. అయినా కాగితం ముందు కూర్చున్నప్పుడు నాకు గుర్తుకు రాలేదు. గుణించడానికి అది రూపాయా కాదు, నెలా కాదు.

ఇక చట్టం. మన దేశంలో పొత్తు వ్యాపారాలకు వర్తించేది 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం. అంతకు ముందు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీనికొక అధ్యాయం ఉండేది. 1932 చట్టపు 13వ సెక్షను పోటీ పరీక్షల పిల్లలు తప్పక చదవదగినది. భాగస్వాముల నడుమ వేరే ఒప్పందం లేనప్పుడు లాభాలు సమానంగా పంచుకోవాలి, నష్టాలు కూడా సమానంగా భరించాలి అని అది చెబుతున్నది. పెట్టుబడి నిష్పత్తిలో అనలేదు. నెలల ప్రసక్తి లేదు. అదే సెక్షను ప్రకారం, ఒప్పందం లేకపోతే వ్యాపారం నడిపినందుకు ఎవరికీ ప్రత్యేకంగా జీతం లేదు. అంటే చట్టం బాబాయికి జీతం ఇవ్వదు. నాన్నగారికి ఎక్కువ పెట్టుబడికి ఎక్కువ లాభమూ ఇవ్వదు. ఒకడు ధనం తెస్తాడు, ఒకడు రెక్కలు తెస్తాడు, ఇంకొకడు పరపతి తెస్తాడు. వీటిని తూచడానికి కోర్టు దగ్గర తక్కెడ లేదు కాబట్టి, మీరు ముందుగా మాట్లాడుకోకపోతే సమానమే అనుకుంటాము అని దాని భావం. ఇంగ్లండులో 1890 చట్టం కూడా ఇలాగే ఉన్నది. డబుల్ ఫెలోషిప్ లెక్కా, ఈ సమభాగ న్యాయమూ రెండూ అక్కడి నుండే మన దగ్గరకు వచ్చినాయి. ఒకటి బడికి పోయింది, ఒకటి కోర్టుకు పోయింది.

ఇప్పుడు ఆ 9,000 రూపాయలను మళ్ళీ పంచి చూద్దాం. బడి లెక్కలో బాబాయికి 3,000. యాజ్ఞవల్క్యుని పదవ వంతు ముందుగా తీసి ఇస్తే 900, మిగిలిన 8,100లో మూడవ వంతు 2,700, మొత్తం 3,600. చట్టం ప్రకారం 4,500, జెనోవా ఆచారం ప్రకారమూ అంతే. ఇక పోటీ పరీక్షలలోనే పని చేసే భాగస్వామి అని ఒక రకం లెక్క ఉంటుంది. అతని జీతాన్ని లాభంలో నుండి ముందుగా తీసివేసి, మిగిలినది పెట్టుబడుల నిష్పత్తిలో పంచాలి. ఆనాడు ఒక కొట్టు గుమాస్తాకిచ్చే జీతం నెలకు 300 అనుకుందాం. పన్నెండు నెలలకు 3,600. మిగిలిన 5,400లో మూడవ వంతు 1,800. బాబాయికి 5,400, నాన్నగారికి 3,600. వాటాలు తలక్రిందులైనాయి. నాలుగు జవాబులూ అంకగణితం దృష్ట్యా తప్పులు లేనివే. ఏ జవాబు కావాలో ప్రశ్న చెప్పాలి. మా ప్రశ్నలో ఆ మాట లేదు. లేని మాటను నేను బడిపుస్తకం నుండి తెచ్చి పూరించి, అదే న్యాయమనుకున్నాను.

ఈ సంగతి పల్నాటివాడికి వేరే చెప్పాలా? మా నేల మీద జరిగిన పెద్ద కథ అంతా వాటా కథే. అనుగురాజు కొడుకులైన సవతి సోదరుల నడుమ రాజ్యం పంచబడి, నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో నిలిచినారు. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్నది పణం. మాచర్లవారు ఓడి వెళ్ళినారు. గడువు తీరిన తరువాత తమ భాగం తమకిమ్మని అలరాజును రాయబారం పంపినారు. అలరాజు తిరిగి రాలేదు. 12వ శతాబ్దపు చివరి భాగంలో కారెంపూడి యుద్ధరంగమైనది. నేటికీ కార్తీకంలో అక్కడ జరిగే వీరుల తిరునాళ్ళలో రాయబారానికని ఒక రోజు ఉన్నది. ఆ కథలోనే బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఉన్నది. అన్ని కులాలవారూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఎవరు ఎంత బియ్యం తెచ్చినారని అక్కడ ఎవరూ అడగరు. ఒకే కథలో సమభాగపు పంక్తీ ఉన్నది, భాగం దగ్గర తెగిన తలలూ ఉన్నాయి.

పరీక్ష లెక్కలలో మరొక చిత్రముంది. వాటిలో దాదాపు ఎప్పుడూ లాభమే వస్తుంది. మా పల్నాటి పొలాలలో అలా కాదు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలిన తరువాత మెట్టచేలలో పత్తి, మిరప విస్తరించినాయి. వాటితోపాటు పెట్టుబడీ, అప్పూ విస్తరించినాయి. 1987లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏట పాలుకు చేసినవాడి స్థితి వేరు, కౌలుకు చేసినవాడి స్థితి వేరు. పాలు అంటే పండినదానిలో భాగం. పంట పోతే భూమి గలవాడి భాగమూ పోతుంది. ముందే నిర్ణయించిన కౌలు అయితే పంట పోయినా అది కట్టవలసిందే, నష్టమంతా దున్నినవాడిది. లాభనష్టాలు రెండూ అన్న స్మృతి మాట, కర్షకులకు కూడా అన్న మాట అక్కడ గుర్తు చేసుకోవాలి. కౌలుదారు పేరు కాగితం మీద ఉండేందుకు 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందపు పద్ధతిని తెచ్చినది. కాగితం మీద పేరు లేనివాడు లెక్కలో లేడు. ఇది బాబాయి ఏనాడో అన్న మాటే.

నాన్నగారు గతించినారు. ఆయన ఆవర్జా నా దగ్గరే ఉన్నది. ఆ పుటలో 6,000 ఒక వైపు, 3,000 ఒక వైపు, క్రింద బాబాయి సంతకం. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి, అంత ఇచ్చి ఉండకూడదేమోనని నాన్నగారితో అన్నాను. "వాడు అడగలేదురా" అన్నారు. కాసేపాగి, "నేనూ అడగలేదు" అన్నారు. అంతకుమించి మేము దాని గురించి మాట్లాడుకోలేదు. నేను బాబాయి ఇంటికి వెళ్ళి ఉండవలసింది. వెళ్ళాలనుకున్న ఏడు ఆయన పోయినట్లు కబురు వచ్చింది.

మొన్న ఆ అమ్మాయికి లెక్క చెప్పినాను. 3 : 2, 4 : 3, జవాబు 2 : 1, నలభై సెకన్లలో చేసింది. సరిగ్గానే చేసింది, పరీక్షలో అదే గుర్తించాలి. తరువాత, వీళ్ళిద్దరిలో కొట్టు ఎవరు తెరిచేవారో అడిగినాను. "ప్రశ్నలో ఇవ్వలేదండీ" అన్నది. ఇవ్వలేదు నిజమే. రేపు నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి ఏదైనా మొదలుపెడితే, మొదటి రూపాయి పెట్టకముందే ఆ మాట కాగితం మీద వ్రాసుకోండి అని చెప్పినాను. లాభం వస్తే ఎలా, నష్టం వస్తే ఎలా, పని ఎవరిది, ఆ పనికి ఎంత, మధ్యలో ఒకరు తప్పుకుంటే ఏమిటి. ఐదు వాక్యాలు చాలు. తల ఊపి, తరువాతి అధ్యాయం తీసింది. అది పనీ, కాలమూ.

మీ ఊళ్ళలో పొత్తుకు, పాలుకు ఎలాంటి పద్ధతులు ఉండేవో, పని చేసేవాడికి వేరుగా వాటా తీసి పెట్టే ఆచారాలు ఏమైనా ఉండేవో తెలిసినవారు చెప్పితే సంతోషిస్తాను.